ఫ్రీమేసన్రీ పుట్టుక: మూడు కథల్లో కొత్త సభ్యులకు ఏది మేలు?

ఫ్రీమేసన్రీ అంటే రాతి మేస్త్రీల పనిముట్లనూ ఆచారాలనూ గుర్తులుగా వాడుకుంటూ నీతి నేర్పే సోదర సంఘం; దాని సభ్యులు మేసన్లు, వాళ్లు కలిసే స్థానిక శాఖ లాడ్జి. ఆ లాడ్జిలో చేరిన కొత్తలో మన పుట్టుక గురించి అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఒకరు బైబిల్లోని సొలొమోను రాజు కట్టించిన దేవాలయం దగ్గర మొదలుపెడతారు. ఇంకొకరు టెంప్లార్లనే మధ్యయుగపు క్రైస్తవ సైనిక సంఘం యోధుల వారసులమంటారు. పాత కాగితాలు చదివిన పెద్దలు స్కాట్లాండ్, ఇంగ్లండ్ రాతి మేస్త్రీల పేరు చెబుతారు. ముందు దేన్ని పట్టుకుంటే లాడ్జిలో మనం చేసేవి అర్థమవుతాయో అదే మేలని నా లెక్క. ఆ లెక్కన నా ఓటు మేస్త్రీలకే.

టెంప్లార్ కథ వినడానికి బాగుంటుంది, నిలబడదు. ఆ సైనిక సంఘాన్ని పోప్ 1312లో రద్దు చేశాడు. దాని చివరి అధిపతి జాక్ ద మొలేను 1314లో పారిస్‌లో సజీవంగా కాల్చేశారు. మిగిలినవాళ్లు స్కాట్లాండ్ పారిపోయి లాడ్జీలు పెట్టారనడానికి ఆ కాలపు ఆధారం లేదు. 1730ల్లో ఫ్రాన్స్‌లో షెవలియర్ రామ్సే అనే మేసన్ తన ప్రసంగంలో మేసన్లకూ క్రూసేడ్ (క్రైస్తవ మతయుద్ధాల) యోధులకూ చుట్టరికం కలిపాడు. ఆయన కూడా టెంప్లార్ల పేరెత్తలేదు, తర్వాతివాళ్లు చేర్చారు.

సొలొమోను కథ సంగతి వేరు. డిగ్రీలన్నీ, అంటే సభ్యుడు ఒక్కొక్కటిగా ఎక్కే మూడు మెట్ల తంతులు, ఆ దేవాలయం చుట్టూనే నడుస్తాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టలేం. అయితే చరిత్రగా కాదు, నాటకంగా తీసుకోవాలి. బైబిల్లో ఆ దేవాలయం పనిచేసిన హీరాం తూరు నుంచి వచ్చిన ఇత్తడి పనివాడు, నఫ్తాలి గోత్రపు విధవరాలి కొడుకు. మూడో డిగ్రీలో అతని పేరున నడిచే కథ అక్కడ లేదు. అది అచ్చులో మొదట కనిపించింది 1730లో, లండన్‌లో. ఆ డిగ్రీ ఇంకా తీసుకోనివారి కోసం ఇంతకంటే చెప్పను.

ఇక మేస్త్రీలు. 1598లో స్కాట్లాండ్ రాజుగారి కట్టడాల అధికారి విలియం షా వాళ్లకు నియమావళి రాశాడు. దాని ప్రకారం కనీసం ఏడేళ్లు అప్రెంటిస్‌గా ఉండాలి, మరో ఏడేళ్లు గడిస్తేగానీ మామూలుగా ఫెలోగా, అంటే పూర్తి స్థాయి పనివాడిగా, తీసుకోరు. చేరినవాడి పేరు పుస్తకంలో ఎక్కాలి. ఎడింబరో లాడ్జి సమావేశాల చిట్టా 1599 నుంచీ ఇప్పటికీ ఉంది. మెల్లగా ఉలి పట్టనివాళ్లూ చేరారు: 1641లో సైనికాధికారి రాబర్ట్ మోరే, 1646లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో పండితుడు ఎలియాస్ ఆష్మోల్. ఆష్మోల్ ఆ సంగతి తన డైరీలో రాసుకున్నాడు.

ఇది తెలిశాక మన ఆచారాల అర్థం దానంతటదే తేలుతుంది. నడుముకు కట్టే తెల్ల గొర్రెతోలు ఏప్రన్ పనివాడి బట్ట. ఎంటర్డ్ అప్రెంటిస్ (మొదటి డిగ్రీ సభ్యుడు) చేతికిచ్చే 24 అంగుళాల కొలబద్ద, సుత్తి, ఉలి అతని పనిముట్లే. ఆ కొలబద్దే రోజులోని 24 గంటలను ఎలా పంచుకోవాలో నేర్పే పాఠమైంది. లాడ్జిలో చెక్కని రాయి, చెక్కిన రాయి పక్కపక్కన ఎందుకుంటాయో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. టెంప్లార్ కథతో వీటిలో ఒక్కటీ తేలదు.

మేస్త్రీల కథ ఎంచుకున్నవారూ 1717 తేదీ దగ్గర ఆగి చూడాలి. ఆ ఏడు జూన్ 24న లండన్‌లో గూస్ అండ్ గ్రిడైరన్ అనే సారాయి అంగడిలో నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జీలన్నిటికీ పై సంస్థ, పెట్టాయంటాం. ఆ కథనం మనకు దొరికేది జేమ్స్ ఆండర్సన్ రాసిన మేసన్ల నిబంధనల గ్రంథం 1738 నాటి రెండో కూర్పులోనే. అసలు సంవత్సరం 1721 అని ఈ మధ్య ఇద్దరు చరిత్రకారులు వాదించారు. నాకు వాళ్ల వాదన బలంగానే తోచింది.

ఆ గ్రంథం మొదటి కూర్పు, 1723 నాటిది, మాత్రం తప్పక చదవండి. అందరూ ఒప్పుకునే మతాన్ని పాటిస్తే చాలు, సొంత అభిప్రాయాలు ఎవరివి వారివి అన్న మాట అందులోనే ఉంది. ఆ మాట మన దేశంలో అమలు కావడానికి చాలా కాలం పట్టింది. ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరాను 1770ల్లోనే తిరుచిరాపల్లిలో చేర్చుకున్నా, కలకత్తాలో హిందువైన ప్రసన్నకుమార్ దత్ ఏళ్ల తరబడి పోరాడి 1872లోగానీ లోపల అడుగుపెట్టలేకపోయాడు. గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా 1961లో ఏర్పడింది. ఇప్పుడు మన లాడ్జీల్లో వేదిక మీద భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ సాహిబ్, పార్సీల అవెస్తా కలిసి కనిపిస్తాయి. హైదరాబాద్‌లో మేసన్ల లాడ్జీలు కలిసే గోషామహల్ బారాదరికి వెళ్లే కొత్త సభ్యులు ప్రమాణం చేసే ముందు తమ గ్రంథం ఏదో చెప్పి ఉంచుకోవాలి.