మాంట్‌గోమరీయా, స్లిమ్మా: ముందు ఎవరి గురించి చదవాలి?

రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ సేనానుల గురించి తెలుసుకోవాలనుకునేవారిని తరచూ తికమకపెట్టే ప్రశ్న ఇది. ఇద్దరూ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటులో పనిచేశారు, ఇద్దరూ మొదటి ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడ్డారు. ఆ తరువాత దారులు వేరయ్యాయి.

వనరులు: 1942 అక్టోబరులో ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర మాంట్‌గోమరీ చేతిలో వెయ్యికి పైగా ట్యాంకులున్నాయి. బర్మా పోరులో స్లిమ్‌కు సరుకులు దించే పారాచూట్లే కరవు. కలకత్తాలో జనపనారతో చేయించుకోవలసి వచ్చింది.

శ్రమ: మాంట్‌గోమరీకి ఎదురుగా జర్మన్ సేనాని రోమెల్. స్లిమ్‌కు జపాన్ సైన్యంతో పాటు మలేరియా. సైనికులు మలేరియా రాకుండా ఇచ్చే మెపాక్రిన్ మాత్రలు మింగుతున్నారో లేదో ఆయన ఆకస్మిక పరీక్షలు పెట్టించాడు. మింగినవారు 95 శాతానికి తగ్గితే ఆ దళాధిపతికి ఉద్వాసనే. ముగ్గురిని తీసేసేసరికి మిగిలినవారికి విషయం అర్థమైంది. తుపాకీ పేలని ఈ ఘట్టమే స్లిమ్ జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పది.

సాహసం: మాంట్‌గోమరీ బలం కూడగట్టుకున్నాకే కదిలే మనిషి. ఆ అలవాటు తప్పిన 1944 సెప్టెంబరులో, నెదర్లాండ్స్‌లోని ఆర్న్‌హెమ్‌కు ఆకాశమార్గాన వెళ్లిన సుమారు పదివేల మందిలో రెండు వేల పైచిలుకు మాత్రమే నది దాటి తిరిగొచ్చారు. స్లిమ్ 1945లో శత్రువు చూపును మాండలే వైపు తిప్పి, వెనకనున్న సరఫరా కేంద్రం మెయిక్టిలాను పట్టాడు.

ట్యాంకుల యుద్ధం, నార్మండీ మీద ఆసక్తి ఉంటే మాంట్‌గోమరీతో మొదలుపెట్టండి. 1942లో బర్మాలో ఓడి వెనుదిరిగిన సైన్యం మళ్లీ ఎలా నిలబడిందో తెలుసుకోవాలంటే స్లిమ్. ఆయన పద్నాలుగో సైన్యంలో అత్యధికులు భారతీయులే కాబట్టి, మన పాఠకులకు నా ఓటు స్లిమ్‌కే.