నెలల తరబడి ఆగిన కారు: పాత పెట్రోలు తీయించాలా, కొత్తది కలిపితే చాలా?

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. అమ్మానాన్నలు ఆరు నెలలు అక్కడుండి తిరిగొస్తారు. కారు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది. బ్యాటరీ డౌన్ అయిందని అందరికీ తెలుస్తుంది, పక్క ఫ్లాట్ వాళ్ల కారు నుంచి కేబుల్ పెట్టి స్టార్ట్ చేసేస్తారు. ట్యాంకులో ఉన్న పెట్రోలు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఒకవేళ అడిగినా మూడు రకాల సలహాలు వస్తాయి. కొత్త పెట్రోలు ఫుల్ చేయించమని ఒకరు, మొత్తం తీయించేయమని ఇంకొకరు, పెట్రోలులో కలపడానికి షాపులో దొరికే మందు పోయమని మరొకరు. ఈ మూడింటిలో ఏది మేలో ఒక్క నెలలే లెక్కపెట్టి తేల్చేయడం కుదరదు. ట్యాంకులో ఎంత పెట్రోలు మిగిలింది, అడుగున నీళ్లు చేరాయా లేదా అన్న రెండు సంగతులే అసలు తేడా తెస్తాయి.

పెట్రోలు పాడవడమంటే ఏమిటో ముందు చూద్దాం. అందులో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు ముందు పోతాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి అవే కావాలి కాబట్టి, పాత పెట్రోలుతో సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజన్ సులువుగా అందుకోదు. మిగిలినది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురు కడుతుంది. రంగు ముదురుతుంది, వాసన వార్నిష్‌లా మారుతుంది. ఆ జిగురు, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల సన్నటి రంధ్రాల్లో పేరుకుంటే పికప్ పడిపోతుంది, మిస్సింగ్ మొదలవుతుంది. ఎండ ఎక్కువగా ఉన్నచోట ఇదంతా త్వరగా జరుగుతుంది. రెంటచింతల ఎండలో ఆరుబయట నిలబెట్టిన కారుకీ, సెల్లార్ నీడలో ఉన్న కారుకీ ఒకే లెక్క వేయకూడదు.

ఇప్పుడు పెట్రోలులో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్ సంగతి కూడా చూసుకోవాలి. మన దేశంలో 2022 నాటికి పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలిసింది. 2025కల్లా బంకుల్లో చాలావరకు ఇరవై శాతం కలిపిన ఈ20 వచ్చేసింది. ఇథనాల్‌కి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొంతవరకు ఆ నీటిని తనలోనే కలుపుకుని ఇంజన్‌లోకి పంపేస్తుంది, దానివల్ల నష్టమేమీ లేదు. నీళ్లు ఆ హద్దు దాటితే మాత్రం ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగిపోతాయి. పంపు పీల్చుకునేది అడుగు నుంచే కదా, అందువల్ల ఇంజన్‌కి ముందు అందేది ఆ నీళ్ల పొరే. పైన మిగిలిన పెట్రోలు కూడా ఇథనాల్ పోవడంతో ఆక్టేన్ (ఇంజన్ కొట్టుకోకుండా మండే గుణం) తగ్గి నాసిరకమవుతుంది. అయితే ఇప్పటి కార్ల ట్యాంకులు దాదాపు మూసినట్టే ఉంటాయి, ఆవిరి, దాన్ని పీల్చి పట్టుకునే బొగ్గు డబ్బా గుండా వెళ్తుంది. కాబట్టి మూత బిగుతుగా ఉన్న కారులో తేమ అంత వేగంగా చేరదు. మూత రబ్బరు పాడైన పాత కారుకీ, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలమంతా ఆరుబయట నిలిచిన కారుకీ భయం ఎక్కువ.

అందుకే ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఆ పెట్రోలుని కళ్లారా చూడాలి. పెట్రోలు పోసే గొట్టంలోంచి పైపు దింపుదామంటే చాలా కొత్త కార్లలో లోపలి వాల్వ్ అడ్డొస్తుంది. మెకానిక్ అయితే పంపు నుంచి వచ్చే ఫ్యూయల్ పైపు ఊడదీసి తీస్తాడు. మనకి కావలసిందీ అదే, ఎందుకంటే పంపు అడుగునున్నదాన్నే ఇస్తుంది. పైపులో నిలవున్న కాస్త పెట్రోలు పోయాక వచ్చేదాన్ని శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు సీసాలో అర లీటరు పట్టించండి. బంకు నుంచి తెచ్చిన కొత్త పెట్రోలుని ఇంకో సీసాలో పక్కన పెట్టండి. పావుగంట కదపకుండా ఉంచి వెలుతురుకి ఎత్తి చూస్తే విషయం తేలిపోతుంది. అడుగున వేరే పొర గీత గీసినట్టు కనిపిస్తే నీళ్లు విడిపోయినట్టే. పొర లేకపోయినా మొత్తం మసగ్గా ఉంటే నీళ్లు హద్దుకు చేరాయని అనుమానించాలి. పారదర్శకంగా ఉండి, రంగు, వాసన కొత్తదానికి దగ్గరగా ఉంటే ఆ పెట్రోలుని వాడుకోవచ్చు.

ఈ పని సెల్లార్‌లో అస్సలు చేయించకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. సెల్లార్‌లో నీళ్ల మోటారు ఆన్ అయినప్పుడు వచ్చే నిప్పురవ్వ చాలు. కారుని బయటికి తోసుకెళ్లాకే పైపు విప్పించాలి. నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆస్పత్రి పాలవుతారు. మెకానిక్ షెడ్డులో కుర్రాడు అలా చేయబోతుంటే వద్దని గట్టిగా ఆపండి.

సీసాలో పెట్రోలు బాగుందనుకుందాం. అప్పుడు కొత్తది కలపడమే మేలు, కానీ పాతది తక్కువగా ఉంటేనే. స్విఫ్ట్ ట్యాంకు 37 లీటర్లు. అందులో ఏడు లీటర్లు మిగిలి ఉంటే ముప్ఫై లీటర్లు కొత్తది పడుతుంది, పాతది ఐదో వంతు కూడా ఉండదు. పోయిన తేలిక భాగాలు కొత్తదాంతో తిరిగొస్తాయి, ఉన్న కాస్త తేమ కూడా పలచబడిపోతుంది. ఇంజన్ కాసేపు గరుకుగా తిరిగినా రెండు మూడు రోజుల వాడకంలో కుదుటపడుతుంది. అదే ట్యాంకులో పాతది పాతిక లీటర్లుంటే కొత్తది పన్నెండు లీటర్లకు మించి పట్టదు, మూడింట రెండొంతులు పాతదే మిగులుతుంది. "ఫుల్ చేయిస్తే సర్దుకుంటుంది" అన్న సలహా ఇక్కడ పనిచేయదు. నా లెక్క ఇది: మూడు నెలల లోపైతే ఏమీ చేయక్కర్లేదు. ఆరు నెలల వరకు, పాతది పావు ట్యాంకు లోపైతే కలపండి. ఏడాది దాటితే ఎంత మిగిలినా తీయించండి. మధ్యలో ఉన్నవాటికి సీసాలో కనిపించినదే తీర్పు.

నీళ్ల పొర కనిపిస్తే ఇక కలిపే మాటే లేదు. విడిపోయిన పొర, పైన కొత్త పెట్రోలు పోసినంత మాత్రాన మళ్లీ కలిసిపోతుందన్న భరోసా లేదు, అడుగునే ఉండి పంపుని తుప్పు పట్టిస్తుంది. పది లీటర్లు పోతే సుమారు వెయ్యి రూపాయలు, దాని మీద మెకానిక్ కూలీ. ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు పాడైతే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. వెయ్యి రూపాయల పెట్రోలు మీద జాలిపడి పంపుని పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే పంపు మూత కనిపిస్తుంది, ట్యాంకు దించక్కర్లేకుండానే అడుగు వరకు తీసేయొచ్చు. తీశాక కొత్తది పోయించి, సెల్ఫ్ కొట్టకుండా తాళం నాలుగైదు సార్లు ఆన్, ఆఫ్ చేయండి. పంపు పైపులన్నీ నింపుకుంటుంది. ఫిల్టరు విడిగా ఉన్న కారైతే దాన్నీ మార్పించండి.

ఇక షాపుల్లో అమ్మే మందులు. వీటి మీద జనం పెట్టుకునే ఆశ చూస్తే నాకు బాధేస్తుంది. స్టెబిలైజర్ పెట్రోలు పాడవకుండా నెమ్మదింపజేస్తుంది, అంతే. అది కొత్త పెట్రోలులో, కారు ఆపేముందు పోయాలి. పాడైపోయిన దాన్ని తిరిగి మంచిగా చేసే శక్తి దానికి లేదు. ఇంజెక్టర్ క్లీనర్ కొద్దిపాటి జిగురు కడగగలదు, అది కూడా మంచి పెట్రోలుతో కలిసినప్పుడే. నీళ్లు లాగేస్తుందని అమ్మే మందుల్లో చాలావాటిలో ఉండేది ఆల్కహాలే. ఈ20లో ఇరవై శాతం ఆల్కహాల్ ముందే ఉంది, దాని మీద ఇంకో చిన్న సీసా పోస్తే ఒరిగేదేమీ లేదు.

డీజిల్ కారుకి దారి వేరు. డీజిల్ అంత త్వరగా పాడవదు, ఏడాది వరకు సాధారణంగా బాగానే ఉంటుంది. కానీ నీళ్లు చేరితే ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిడ్డు కడుతుంది, ఫిల్టరు మూసుకుపోతుంది. ముందు ఫిల్టరు కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి నీళ్లు పడుతున్నాయేమో చూడండి. జిడ్డు కనిపిస్తే కలపడం గురించి ఆలోచించకుండా ట్యాంకు కడిగించండి. ఇప్పటి డీజిల్ కార్లలో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్లు నీళ్లని భరించలేవు.

ఊరెళ్లేముందు చాలామంది వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి, వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టమంటారు. దానివల్ల పెట్రోలు మారదు, బ్యాటరీ కూడా సరిగ్గా చార్జ్ అవదు. నమ్మకమైన మనిషి ఉంటే రెండు వారాలకోసారి అరగంట నడిపించడం ఎంతో మేలు, పాతది ఖర్చవుతుంది, కొత్తది చేరుతుంది. అలా కుదరకపోతే నాలుగైదు నెలల ప్రయాణానికి స్టెబిలైజర్ కలిపి ఫుల్ ట్యాంకుతో వదిలేయండి, ట్యాంకులో గాలి, తేమ తక్కువుంటాయి. ఏడాదికి మించి వెళ్తుంటే తలకిందులుగా చేయండి: రిజర్వ్‌కి దగ్గరగా వచ్చేదాకా వాడేసి ఆపితే, తిరిగొచ్చాక తీసి పారేయాల్సింది నాలుగైదు లీటర్లే ఉంటుంది.

తీసిన పాత పెట్రోలుని డ్రైనేజీలో పోయకండి, కిరోసిన్ స్టవ్‌లో వాడటం, కట్టెల మీద చల్లి నిప్పు పెట్టడం లాంటివి అసలు చేయకండి. మూత గట్టిగా పడే డబ్బాలో పోసి, వాడిన ఇంజన్ ఆయిల్ పోగుచేసి పంపే షెడ్డుకి ఇచ్చేయండి.