కాంటా రూంలో కిటికీల పంచాయితీ: స్నాప్, ఫ్యాన్సీజోన్స్ నాలుగేళ్లు వాడాక

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తా, సీజన్లో కాంటా చిట్టీలు కూడా నా నెత్తినే పడతాయి. కోతలు మొదలయ్యాయంటే పచ్చి వడ్ల ట్రాక్టర్లు గేటు దాటి రోడ్డు మీదికి లైను కడతాయి. అప్పుడు నా ముందు ఒకేసారి తెరిచి ఉండేవి కాంటా సాఫ్ట్‌వేర్, అకౌంట్స్, ఎక్సెల్‌లో రైతుల లెక్క, బ్రౌజర్‌లో ఈ-వే బిల్లు (సరుకు బండికి ఆన్‌లైన్‌లో తీసే బిల్లు), వాట్సాప్, ఇంకా సేటు గంటకోసారి అడిగే బ్యాంకు పేజీ. ఈ ఆరింటినీ తెర మీద ఎట్లా సర్దాలా అని 2022లో మిల్లుకు విండోస్ 11 కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి తంటాలు పడుతున్నా. పది నిమిషాలు వాడి సూపర్ అని వీడియో పెట్టేవాళ్లు బోలెడు మంది ఉన్నారు, సీజన్ మధ్యలో ఏది పనికొచ్చింది, ఏది మూలన పడిందో చెప్పేవాళ్లు కనపడలేదు. అందుకే రాస్తున్నా.

ముందు కంప్యూటర్‌తో పాటే వచ్చే స్నాప్ సంగతి, అంటే విండోలను తెర అంచులకు అతికించడం. విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం కొడితే విండో ఎడమ సగానికి అతుక్కుంటుంది. మిగతా సగంలో ఏది పెడతావని తెరిచి ఉన్నవన్నీ చిన్న బొమ్మల్లా చూపిస్తుంది, ఒకటి నొక్కితే అయిపోయింది. సగానికి అతికించడం 2009లో విండోస్ 7తోనే వచ్చింది, నాలుగు మూలలకు అతికించడం విండోస్ 10లో. 11లో కొత్తగా వచ్చింది స్నాప్ లేఅవుట్స్: మ్యాగ్జిమైజ్ గుర్తు మీద మౌస్ ఆపినా, విండోస్ కీతో జెడ్ కొట్టినా గళ్ల బొమ్మలు వస్తాయి, ఏ గడి నొక్కితే అక్కడికి వెళ్తుంది. ఇంకోటి, నాకు ఏడాది దాకా తెలియలేదు, పక్కపక్కన అతికిన రెండు విండోల మధ్య గీతను పట్టుకుని జరిపితే రెండూ కలిసి జరుగుతాయి. అంతకుముందు ఒకదాన్ని పెంచి, రెండోదాన్ని తగ్గించి, మధ్యలో వెనక ఉన్న వాల్‌పేపర్ కనపడుతుంటే మళ్లీ సరిచేసి... ఎంత టైం తగలబెట్టానో.

మొదట్లో ఉత్సాహం కొద్దీ తెరను నాలుగు ముక్కలు చేశా. చూడ్డానికి బాగుంటుంది, ఎవరైనా వచ్చి చూస్తే షేర్ మార్కెట్ ఆఫీసు అనుకుంటారు. పని మాత్రం సాగదు. మా పాత మానిటర్ 1366 బై 768 ది, దాంట్లో సగం అంటే 683 పిక్సెళ్లు, అంత ఇరుకులో ఏ ఫారం తెరిచినా కింద అడ్డంగా స్క్రోల్ పట్టీ వచ్చేస్తుంది, సబ్మిట్ బటన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. నాలుగో వంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్తది 24 అంగుళాలది, 1920 బై 1080. దాంట్లో మూడు నిలువు గళ్ల లేఅవుట్ వస్తుందని చదివా, నాకు మాత్రం రాదు. వారం రోజులు సెట్టింగులన్నీ గెలికాక తెలిసింది, అక్షరాలు పెద్దగా కనపడాలని నేను స్కేల్ 125 శాతం పెట్టుకున్నా, దాంతో కంప్యూటర్ లెక్కలో వెడల్పు 1536కి పడిపోతుంది, మూడు గళ్ల లేఅవుట్‌కేమో 1920 ఉండాలి. తప్పు దానిది కాదు, నలభై దాటిన నా కళ్లది.

అసలు కిటికీలు పక్కపక్కన ఎందుకు పెట్టుకోవాలో నాకు ఒక రాత్రి వాడపల్లి దగ్గర ఆగిపోయిన లారీ నేర్పింది. 2024 మార్చిలో మన కొత్త బండ్ల నంబర్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది కదా. ఆ యాసంగిలోనే ఒక ట్రాన్స్‌పోర్టు ఆయన కొత్త లారీ పంపాడు, 25 కిలోల బ్రాండ్ బస్తాల లోడు, ఆంధ్ర వైపు. డ్రైవర్ వాట్సాప్‌లో నంబర్ ప్లేటు ఫొటో పెట్టాడు. నేను ఫొటో తెరిచా, చూశా, మూసేసి ఫుల్ స్క్రీన్‌లో ఉన్న బ్రౌజర్‌లోకి వచ్చి టీఎస్ 05 అని కొట్టేశా. పదేళ్లుగా కొట్టిన వేళ్లు కదా, అవి నా మాట వింటాయా. రాత్రి పదకొండింటికి ఫోను, "సార్, బిల్లుల నంబర్ వేరే ఉందంటున్రు, బండి పక్కకు పెట్టమన్నరు." ఈ-వే బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో నంబర్ మార్చుకునే వీలుంది కాబట్టి బతికిపోయా, కానీ లాగిన్ వివరాలన్నీ మిల్లులోనే, లుంగీ మీదే బైకు తీసి మిల్లుకు పోయి తాళం తీయించి మార్చా. ఆ టైంకి తెరలో ఒక పక్క ఫొటో, ఒక పక్క ఫారం పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొడుతుంటే, సాయంత్రం కూడా ఇట్లనే చేసి ఉంటే ఐదు సెకండ్ల పని కదా అనిపించింది. షార్ట్‌కట్ తెలియక కాదు, తెలిసి కూడా హడావిడిలో వాడలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. చూసేది, కొట్టేది, ఈ రెండు పక్కపక్కన ఉండాలి. మిగతావి ఎక్కడ చచ్చినా ఫర్వాలేదు. నంబర్‌ను తలలో పెట్టుకుని ఒక విండో నుంచి ఇంకో విండోకి మోసుకుపోయే పని నేను పూర్తిగా మానేశా.

మూడు గళ్ల బాధకు మందు పవర్‌టాయ్స్‌లో దొరికింది. మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే అదనపు ప్రోగ్రాం అది, దాంట్లో ఫ్యాన్సీజోన్స్ అని ఒకటి ఉంటుంది. గళ్లు మనమే గీసుకోవచ్చు, 125 శాతం స్కేల్ అయినా దానికి పట్టింపు లేదు. విండోను మౌస్‌తో లాగుతూ షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే మనం గీసిన గళ్లు నీలంగా కనపడతాయి, వదిలితే కూర్చుంటుంది. నాది ఎడమ పక్క పెద్ద గడి, తెరలో అరవై శాతం, అక్కడ ఫారం గానీ అకౌంట్స్ గానీ. కుడి పక్క పైన వాట్సాప్, కింద ఎక్సెల్. కాంటా సాఫ్ట్‌వేర్ ఒక్కటీ పక్కనున్న పాత మానిటర్ మీద, దాని దగ్గరికి ఎవరూ రారు. పవర్‌టాయ్స్‌లోనే విండోస్ కీ, కంట్రోల్, టీ కలిపి కొడితే ఆ విండో అన్నింటికన్నా పైన ఉండిపోతుంది, చుట్టూ రంగు గీత కూడా వస్తుంది. తేమ కోత లెక్కేసేటప్పుడు క్యాలిక్యులేటర్‌ను అట్లా మేకు కొట్టి పెడతా. నిజం చెప్పాలంటే స్నాప్ కన్నా ఈ ఒక్క షార్ట్‌కట్ నాకు ఎక్కువ టైం మిగిల్చింది.

ఒక చిక్కు ఉంది. మా కాంటా సాఫ్ట్‌వేర్ ఏ కాలం నాటిదో, ఎవరు రాశారో తెలియదు, రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే తప్ప నడవదు. అట్లా తెరిచినదాన్ని ఫ్యాన్సీజోన్స్ కదిలించలేదు, పవర్‌టాయ్స్‌ను కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితేనే మాట వింటుంది. పైగా అది పోయినసారి ఎక్కడ మూశామో అక్కడే తెరుచుకుంటుంది, రెండో మానిటర్ వైరు ఊడి ఉన్న రోజు కనపడని చోట తెరుచుకుని కూర్చుంటుంది. టాస్క్‌బార్‌లో ఉంటుంది, తెర మీద ఉండదు, బయట ట్రాక్టర్ ఆయన హారన్ కొడుతుంటాడు. అప్పుడు ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, ఎం కొట్టి, ఏదో ఒక బాణం ఒక్కసారి నొక్కి మౌస్ కదిపితే విండో మౌస్‌కు అతుక్కుని వచ్చేస్తుంది. ఇది రాసుకుని మానిటర్‌కు అంటించా.

వర్చువల్ డెస్క్‌టాపులు అందరూ తెగ పొగుడుతారు. విండోస్ కీ, కంట్రోల్, డి కొడితే ఇంకో ఖాళీ డెస్క్‌టాప్, కంట్రోల్, విండోస్ కీ పట్టుకుని బాణాలతో అటూ ఇటూ. పనికో డెస్క్‌టాప్ అని ఐదు పెట్టి చూశా, ఏది ఎక్కడుందో వెతకడానికే ఒక మనిషి కావాలి. ఐదూ తీసేసి రెండే ఉంచా, ఎందుకంటే సేటుకు రెండు ఫర్ములు ఉన్నాయి, ఒకదాని బిల్లు ఇంకోదాంట్లో కొట్టడం నాకు అలవాటైన తప్పు. విండోస్ 11లో ఒక్కో డెస్క్‌టాప్‌కు వేరే వాల్‌పేపర్ పెట్టుకోవచ్చు, పెద్ద ఫర్మ్‌కు వరిచేను, రెండోదానికి ఉత్త ఎర్ర రంగు పెట్టా. విండోల సందులోంచి ఎరుపు కనపడితే చేయి దానంతట అదే ఆగుతుంది.

కరెంటు పోతే? యూపీఎస్ ఉన్నంతసేపే ఈ సోకులన్నీ. కంప్యూటర్ ఆగి మళ్లీ లేచిందంటే డెస్క్‌టాపులు రెండూ ఉంటాయి గానీ విండోలు ఉండవు, మళ్లీ తెరిచి మళ్లీ సర్దాల్సిందే. 2024లో పవర్‌టాయ్స్‌కు వర్క్‌స్పేసెస్ అని కలిపారు, ఏ ప్రోగ్రాం ఎక్కడ ఉండాలో దాచిపెట్టుకుంటే ఒక్క నొక్కుతో అన్నీ తెరిచి వాటి చోట్లలో పెడుతుంది. వాట్సాప్, ఎక్సెల్, బ్రౌజర్ వరకు బాగానే పెడుతుంది. బ్రౌజర్‌లో లాగిన్ మాత్రం మనమే అవ్వాలి.

ఇంత చేసుకున్నా సేటు వచ్చి కుర్చీలో కూర్చుంటే మళ్లీ మొదటికే. బ్యాంకు పేజీ చిన్నగా కనపడుతోందని టైటిల్ మీద రెండుసార్లు నొక్కి తెర నిండా చేస్తారు, వాట్సాప్ మూసేస్తారు, క్యాలిక్యులేటర్ అడ్డం వస్తోందని తీసేస్తారు, వెళ్లిపోతారు. షిఫ్ట్ పట్టుకుని ఒక్కోటి మళ్లీ గడిలోకి తోస్తూ కూర్చుంటా. బ్యాంకు చూసుకోవడానికి ఒక ట్యాబ్ కొనుక్కోండి సేటూ అని పోయిన నెల నెమ్మదిగా చెప్పి చూశా. చూద్దాంలే అన్నారు.