చావు ఇంట డప్పు, తత్వం

మన పల్లెల్లో చావు జరిగిన ఇంట రెండు రకాల సంగీతం వినిపిస్తుంది. రాత్రి జాగారానికి తత్వాలనే వేదాంత పాటలు, శవం లేచేటప్పుడు డప్పు. దుఃఖంలో ఉన్నవారికి ఈ రెంటిలో ఏది ఎక్కువ ఓదార్పు అన్నదే ప్రశ్న.

డప్పు మాటలతో ఓదార్చదు. చట్రానికి బిగించిన తోలును ముందు మంట దగ్గర కాస్తారు. బిగువెక్కితేనే దానికి గొంతు వస్తుంది. కుడిచేతి సిర్ర అనే కర్ర, ఎడమచేతి చిటికెన పుల్ల కలిసి పడుతుంటే, అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి కూడా భోరుమంటాడు. ఊరంతటికీ కబురు అందుతుంది. పోయినవారు ఎంత పేదవారైనా అందరూ చూస్తుండగా సాగిపోతారు. ఆ మోత కోసం మాదిగ కుటుంబాలు తరతరాలుగా వెట్టి చేశాయన్న సంగతి మాత్రం మరువరానిది. అదే డప్పు తర్వాత దళిత ఉద్యమాల్లో ఆత్మగౌరవ గొంతయింది.

తత్వానికి తంబూర, తాళాలు, నాలుగు గొంతులు చాలు. దేహం నిలవదని, కులం వెంట రాదని వేమన, వీరబ్రహ్మం బాటలో తెల్లవార్లూ పాడతారు.

దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు వేదాంతం చెవికెక్కదు కాబట్టి మొదటి రోజు నా మొగ్గు డప్పువైపే. చుట్టాలు వెళ్లిపోయి, ఇక ఎలా బతకాలన్న ప్రశ్న మొదలయ్యాకే తత్వం అక్కరకొస్తుంది. అందుకే పాడేవారిని దినాలు ముగిశాక మరో రాత్రి పిలిపించుకోమంటాను.