నేల సర్వే టీమ్: పనికి మంచి మార్కులు, రిపోర్టుకు కోత

అనంతపురం జిల్లాలో మా ఊరి వాటర్‌షెడ్ ప్లాన్ (వాన నీరు, మట్టి కొట్టుకుపోకుండా ఆపే పనుల ప్లాన్) కోసం ఒక ప్రైవేటు సర్వే టీమ్‌ను పెట్టుకున్నాం. పొలంలో వాళ్ల పని చూస్తే ముచ్చటేసింది. చిరాకంతా రిపోర్టు దగ్గరే.

మామూలుగా వచ్చేవాళ్లు రోడ్డు పక్క చేలో గుప్పెడు మట్టి తీసుకుని పోతారు. వీళ్లు గుట్ట మీద నుంచి వంక దాకా వాలు వెంబడి నడిచి, నేల మారిన చోటల్లా గుంత తవ్వించారు. గుంత గోడను చాకుతో చెక్కి పొరలు చూశారు. మట్టి తడిపి, బొటనవేలితో రిబ్బన్‌లా సాగదీసి బంక ఎంతుందో చెప్పారు. రేగడి చేలో ఆమ్లం చుక్క వేస్తే బుస్సుమని పొంగింది, సున్నం ఉందట. పైన ఎర్రనేలలో మూరెడు దిగకముందే గరుసు తగిలింది. అక్కడ చీనీ (బత్తాయి) తోట పెడదామనుకున్న మా బావమరిది మొహం మాడిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

నేల లోతు, వాలు, మట్టి కోత చూసి భూమికి తరగతులిచ్చి, సర్వే నంబర్ల వారీగా మ్యాప్ వేశారు. ఎర్రనేలకు కాంటూరు గట్లు (వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో వేసేవి), రేగడికి నీరు నిలిచిపోకుండా కాస్త వాలుతో గట్లు అని విడివిడిగా రాశారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే చోట ఈ తేడా చూడాల్సిందే.

రిపోర్టు మాత్రం మొత్తం ఇంగ్లీషులో, అదీ దుక్కులు అయిపోయాక చేతికొచ్చింది. తెలుగు మ్యాప్ అడిగితే ఎక్స్‌ట్రా అన్నారు! ఐదుకు మూడున్నర. ఇలాంటి టీమ్‌ను పిలిచేవాళ్లు తెలుగు మ్యాపు, ఇచ్చే తేదీ ఒప్పందంలోనే రాయించుకోండి. వేసవిలోనే పిలవండి, పైరుంటే ఎవరూ గుంత తవ్వనివ్వరు.