చంద్రగిరి ఉన్ని మేజోళ్ళు: ఒక చలికాలం వాడి చూసిన తరువాత

ఒడిశాలోని గజపతి జిల్లా చంద్రగిరిలో ఉన్న టిబెటన్ల కాలనీలో, ఒక వృద్ధురాలు తన ఇంటి ముందుగదిలోనే నడుపుతున్న చిన్న ఉన్ని దుస్తుల దుకాణంలో నేను కిందటి డిసెంబరులో రెండు జతల చేతి అల్లిక మేజోళ్ళు, ఒక స్వెట్టరు కొన్నాను. చలికాలమంతా వాడిన తరువాతనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా పర్లాకిమిడి నుంచి జిరంగ్ బౌద్ధ విహారం చూడడానికి వెళ్ళేవారు చాలామంది దారిలో ఇటువంటి దుకాణాల దగ్గర ఆగుతారు కాబట్టి వారికి ఉపయోగపడవచ్చు.

ఉన్ని విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. సైన్యంలో ఉండగా మూడు చలికాలాలు లడఖ్‌లోని ద్రాస్ ప్రాంతంలో గడిపాను. 10,000 అడుగులకు పైన ఉన్న ఆ లోయలో జనవరి రాత్రులు సున్నాకు 20 డిగ్రీల కిందికి పోవడం మామూలు. జోజిలా కనుమ మంచుతో మూసుకుపోతే శ్రీనగర్ రోడ్డు నెలల తరబడి తెరుచుకునేది కాదు. అందుకే బియ్యం, పప్పు, కిరోసిన్ నవంబరులోపే నిల్వ చేసుకునేవాళ్ళం. మంచు బాగా కురిసే రాత్రి చిన్న చప్పుడు కూడా వినబడదు. తెల్లవారి తలుపు తోస్తే కదలకపోయేది, ఎంత పడిందో అప్పుడు తెలిసేది. రేకుల కప్పు మీది మంచును పారలతో ఎప్పటికప్పుడు తోసెయ్యకపోతే ఆ బరువుకు కప్పు కుంగిపోతుంది. తాగే నీటి కోసం డబ్బా నిండా మంచు కూరి బుఖారీ (గదిని వేడిచేసే పొయ్యి) మీద పెడితే, కరిగిన తరువాత అడుగున రెండు మూడు వేళ్ళ ఎత్తు నీరు మిగిలేది. గాలి ఆడని గదిలో ఆ బుఖారీని వెలిగించి నిద్రపోతే విషవాయువుతో మనిషి మళ్ళీ లేవడు. అందుకని పడుకునే ముందు దాన్ని ఆర్పే బాధ్యత రోజుకొకరికి అప్పగించేవారు. ఆర్పిన తరువాత తెల్లవారే దాకా మమ్మల్ని కాపాడింది ఒంటి మీది ఉన్నే.

ఆ చలికి ముందుగా దెబ్బతినేవి కాలివేళ్ళు. నూలు మేజోడు చెమటకు తడిసి చల్లబడిపోతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. ఉన్నిదే అయినా బిగుతుగా ఉంటే వేళ్ళకు రక్తం సరిగా అందదు, మంచుకాటుకు అది దారి. మాతో ఉన్న విజయనగరం కుర్రవాడు ఒకడు తడిసిన మేజోళ్ళతోనే రాత్రంతా కాపలా కాసి వచ్చాడు. ఉదయం బూటు విప్పితే బొటనవేలు మైనంలా తెల్లగా ఉంది. నొప్పి లేదని ధైర్యంగా చెప్పాడు కానీ, నొప్పి తెలియకపోవడమే అక్కడ చెడ్డ గుర్తు. అతని పాదాన్ని నా చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాను. రంగు తిరిగి, భరించలేని మంటతో అతను కేక పెట్టినప్పుడు, వేలు దక్కిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

అందువల్ల ఆ దుకాణంలో నేను మొదట చేసిన పని మేజోడును తిరగేసి చూడడం. మడమ దగ్గర, వేళ్ళ దగ్గర రెండు పోగులు కలిపి అల్లారు, లోపల ఎక్కడా ముడి తగలలేదు. నడకలో బొబ్బలు లేపేవి ఆ ముళ్ళే. పైఅంచు పిక్కను పట్టి ఉంటుంది కానీ బిగించదు. ఎందుకలా చూస్తున్నావని ఆవిడ హిందీలో అడిగితే ద్రాస్ సంగతి చెప్పాను. తను చిన్నపిల్లగా మంచు కనుమ దాటి వచ్చానని, ఆ దారిలో తల్లి తన కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టిందని చెప్పి, మడమ అల్లికను వేలితో నొక్కి చూపించారు. 1963లో ఇక్కడ కాలనీ ఏర్పడిన తొలినాళ్ళలోనే వచ్చిన కుటుంబమట. జత 350 రూపాయలు. నాలుగు నెలలు వాడాను, ఎక్కడా పోగు లేవలేదు.

స్వెట్టరు గురించి అంత మంచిమాట చెప్పలేను. అది లుధియానా నుంచి తెచ్చిన సరుకని ఆవిడే చెప్పారు, అందులో దాపరికం లేదు. అయితే దుకాణంలో సాయంగా ఉన్న కుర్రవాడు అచ్చమైన ఉన్ని అన్నాడు. ఇంటికి వచ్చి ఒక పోగు తీసి కాల్చి చూశాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదగా నలిగిపోవాలి; ఇది కరిగి గట్టి పూసలా ముద్దకట్టింది. మూడు వారాలకే చంక దగ్గర కుట్టు విడిపోయింది. 900 రూపాయలకు ఇది నాకు బాధ కలిగించిన విషయం. వస్తువు మీద సరైన చీటీ లేకుండా ఉన్ని అని అమ్మకూడదు.

మన వైపు చలికి ఇంత మందపు మేజోళ్ళు ఎందుకని కొందరు అడగవచ్చు. తెల్లవారకముందే పొలానికి వెళ్ళేవారికి, కాళ్ళు చల్లబడిపోతున్నాయనే పెద్దవారికి ఇవి తప్పక కొనదగినవి. వీటిని చన్నీళ్ళలో ఉతికి, పిండకుండా నీడలో పరిచి ఆరబెట్టాలి. దుకాణంలో కొలతలు ఎక్కువ ఉండవు. కాగితం మీద పాదం గీసి ఇస్తే పది రోజుల్లో అల్లి ఇస్తారు. మా ఆవిడ పాదం గీసిన కాగితం ఇప్పటికే ఇచ్చి వచ్చాను, కార్తికంలో వెళ్ళి తెచ్చుకోవాలి.