కల్లుప్పు రోడ్ల మీద మూడు రోజులు

ఫిబ్రవరిలో అమ్మని తీసుకుని క్యాంపర్ వ్యాన్‌లో (లోపలే పడుకునే వీలున్న బండి) అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగం, అప్పర్ పెనిన్సులాకి వెళ్ళొచ్చాం. మంచు ఫొటోలు అందరూ పెడతారు. మా బుర్ర తినేసింది మాత్రం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, అందుకే దాని సంగతే రాస్తున్నాను.

డెట్రాయిట్ దగ్గర ఐ-75 హైవే ఎక్కిన గంటకే తెల్ల వ్యాన్ బూడిద రంగుకి తిరిగింది. టీ కోసం ఆగినప్పుడు కాకినాడ నుంచి వచ్చిన అమ్మ, తలుపు మెట్టు మీద వేలితో గీసి చూసింది. "కల్లుప్పేరా ఇది! అక్కడ సముద్రపు గాలికే కిటికీ చువ్వలు తుప్పు పట్టి రాలిపోతుంటే, వీళ్ళు చేతులారా రోడ్ల మీద పోస్తారా?" డెట్రాయిట్ కిందే సుమారు 1,200 అడుగుల లోతులో ఉప్పు గని ఉందంటే నమ్మలేదు.

అప్పర్ పెనిన్సులాకి దాటించే మాకినా వంతెన సుమారు 5 మైళ్ళు. టక్వామెనాన్ పై జలపాతం దాదాపు 50 అడుగుల ఎత్తు, దేవదారు చిత్తడి నేలల్లోంచి వస్తుంది కాబట్టి నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి. చలికాలంలోనే చూడాలి. అక్కడి పార్కులో వ్యాన్‌కి కరెంటు ఉంది, హీటర్‌కి దిగుల్లేదు. నీళ్ళు మాత్రం కట్టేశారు. పగిలిపోకుండా వ్యాన్ పైపుల్లోనూ పింక్ యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) నింపాం కాబట్టి మా నీళ్ళతో కడుక్కునే వీలూ లేదు.

రెండో రాత్రి మునిసింగ్‌లో మోటెల్. శుభ్రంగా ఉంది, దుప్పట్లు మందంగా ఉన్నాయి. యజమాని మంచివాడు, వ్యాన్ తన వేడి గ్యారేజీలో పెట్టుకోమన్నాడు. దండం పెట్టి బయటే ఉంచాను. గడ్డకట్టే చలిలో ఉప్పు కాస్త నిద్రపోతుంది. వెచ్చగా ఉంటే బురదమంచు కరిగి, ఉప్పునీళ్ళు ప్రతి సందులోకీ దిగి, తుప్పు పని మొదలుపెడుతుంది.

ఇక కడగడం. ఒక పెట్రోల్ బంకులో ఆటోమేటిక్ వాష్‌కి వెళితే, వాకిట్లోనే 7 అడుగుల ఎత్తులో అడ్డ కడ్డీ. మా వ్యాన్ ఎత్తు తొమ్మిదిన్నర. వెనక్కి తిప్పడానికే పావుగంట పట్టింది. దారిలో ఇంకోచోట నాణేలు వేసి మనమే బండికి నీళ్ళు కొట్టుకునే షెడ్డు దొరికింది, 14 డాలర్లయింది. వేడినీళ్ళు బాగానే వచ్చాయి. అక్కడి బ్రష్ మాత్రం ముట్టుకోలేదు. దాంట్లో ముందు బండ్ల ఇసుకంతా ఉంటుంది, పెయింట్ గీసేస్తుంది.

తప్పు నాదే. ఆ రోజు 18 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సున్నాకి కింద దాదాపు 8 సెల్సియస్. కడిగాక తలుపు రబ్బర్లు తుడవలేదు. పొద్దున అమ్మ లోపల, నేను బయట, పక్క తలుపు ఇనుములా బిగుసుకుపోయింది. అమ్మ లోపల్నించి హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని, "ఇంకెంతసేపురా" అంటూ అరగంట నిలబడింది. అప్పట్నించీ రబ్బర్లు పొడిగుడ్డతో తుడిచి సిలికాన్ రాస్తున్నాను. ఇంకోటి, చలి ముదిరే చోటికి వెళుతూ కడిగించకూడదు, తిరిగొచ్చేటప్పుడు గడ్డకట్టని రోజు చూసుకోవాలి.

అసలు పని జరిగింది తిరుగు దారిలో, లారీలు కడిగే చోట. 38 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే గడ్డకట్టే చలికి కాస్త పైన, ఎండ కూడా. 50 డాలర్లు తీసుకున్నారు, ఇద్దరు కుర్రాళ్ళు ఇరవై నిమిషాల్లో తేల్చేశారు. పక్కలు అద్దంలా చేసి బిల్లు చేతికిస్తుంటే "బాబూ, కింద కూడా" అన్నాను. అప్పుడు వంగారు. చక్రాల పైన గూళ్ళు, స్ప్రింగ్ పట్టీలు, బ్రేక్ పైపులు, ఇవే తుప్పు తినే చోట్లు. ఫ్రిజ్, హీటర్ జాలీల మీద మాత్రం ప్రెషర్ కొట్టొద్దని ముందే చెప్పాలి, నీళ్ళు లోపలికి పోతాయి. డబ్బులు కొంచెం ఎక్కువే అయినా మళ్ళీ అక్కడికే వెళతాను.

ఇంటికొచ్చాక చూస్తే మడత మెట్టు కీలుల్లో ఇంకా తెల్లగానే ఉంది. బయటి కుళాయి నవంబర్ నుంచీ కట్టేశాం, బాత్రూంలోంచి గోరువెచ్చని నీళ్ళు మోశాను. మూడో బకెట్‌కి గానీ మెట్టు కింద కారే నీళ్ళు తేటపడలేదు.